వ్యూ చూడరా!

ఘాట్ రోడ్డు మీద బైకు తోలేవాడు తల వెనక్కి తిప్పి "వ్యూ చూడరా, వ్యూ!" అనడాన్ని హత్యాయత్నం కింద ఎందుకు లెక్కగట్టకూడదో ఎవరైనా చెప్పండి. నవ్వులాటకి అడగడం లేదు. కత్తి చూపించి బెదిరించినవాడికి శిక్ష ఉంది. లోయ చూపించి బెదిరించినవాడికి మాత్రం ఫోటో కింద లైకులు పడుతున్నాయి.

మీరంతా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి స్నేహితుడి వెనక కూర్చున్నవాళ్లే కాబట్టి వాడెలా ఉంటాడో వర్ణించే శ్రమ నాకు లేదు. చదునైన రోడ్డు మీద, గీత గీసినట్టు తిన్నగా పోయే దారిలో, గంటసేపు ఒక్క ముక్క మాట్లాడడు. నేనే విసుగెత్తి పలకరించినా "ఊ" అంటాడు. కొండ మొదలై, ఒక పక్క రాయి, ఇంకో పక్క ఉత్త గాలి వచ్చాక, అది కూడా హెయిర్‌పిన్ మలుపులో సరిగ్గా సగానికి చేరాక, వాడిలో టూరిస్టు గైడు నిద్ర లేస్తాడు. తల పూర్తిగా వెనక్కి తిప్పుతాడు. ఓరకంటితో కాదు, గుడ్లగూబలా. ఒక చెయ్యి హ్యాండిల్ మీంచి తీసి లోయలోకి చాపుతాడు. అంతటితో ఆగుతాడా, నేను చూశానో లేదో తనిఖీ చేసుకుంటాడు. "చూశావా? ఏం చూశావు? అటు కాదు, కిందికి చూడు, కిందికి!"

నేను కళ్లు మూసుకుని ఉన్నానన్న సంగతి వాడికి చెప్పకూడదు. చెబితే కళ్లు తెరిచేదాకా తల తిప్పే ఉంచుతాడు.

లెక్క చూద్దాం. గంటకు 30 కిలోమీటర్లంటే సెకనుకు 8 మీటర్ల పైమాటే. తల తిప్పి, వ్యూ చూపించి, నా దగ్గర రసీదు తీసుకుని మళ్లీ ముందుకు తిరగడానికి తక్కువలో తక్కువ 2 సెకన్లు. అంటే 16 మీటర్లు. ఆ 16 మీటర్లు బండి నడిపింది వాడు కాదు, నేను అసలే కాదు. మరి ఎవరు నడిపారో పెద్దలు తేల్చాలి. పైగా బైకు నేర్పేవాళ్లు కొత్తలోనే చెప్పే మాట ఒకటుంది: కళ్లు ఎటు పోతే బండి అటు పోతుంది. గుంతని చూస్తూ ఉంటే గుంతలోకే పోతావు, మలుపులో మలుపు చివరికి చూడు అని. ఆ లెక్కన వ్యూ చూసేవాడు వ్యూలోకే పోవాలి. మావాడు చూపించే వ్యూ రోడ్డుకి కొన్ని వందల అడుగుల కింద ఉంది.

కొండ మొదట్లో ఒక బోర్డు ఉంటుంది, ముందు ఎక్కుడు 10 శాతం అని. మావాడు దాన్ని పరీక్ష మార్కుల్లా చదివాడు. "10 శాతమేనట్రా, ఏముంది!" అన్నాడు. ఆ 10 ఏమిటంటే 100 మీటర్లు ముందుకి పోతే 10 మీటర్లు పైకి లేస్తామని. 45 డిగ్రీల వాలుని 100 శాతం అంటారు. ప్రపంచంలోకెల్లా నిటారైన వీధిగా గిన్నిస్ వాళ్లు రాసుకున్న న్యూజిలాండ్ బాల్డ్‌విన్ స్ట్రీట్ వాలు 34.8 శాతం. ఆ పేరు మీద పెద్ద తగాదానే నడిచింది లెండి. 2019లో వేల్స్‌లో హార్లెక్ అనే ఊళ్లోని ఒక వంకర వీధికి కిరీటం ఇచ్చారు, న్యూజిలాండ్ వాళ్లు ఊరుకోలేదు, వంకర రోడ్డులో వాలు ఎక్కడ కొలవాలి, లోపలి అంచునా, నడిమధ్యనా అని వాదించారు, 2020లో నడిమధ్యనే కొలవాలని తేల్చి కిరీటం వెనక్కి ఇచ్చేశారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మలుపులో లోపలి అంచు మధ్య రోడ్డు కంటే నిటారుగా ఉంటుందన్న విషయం గిన్నిస్ వాళ్లకి 2020లో తెలిసొచ్చింది. మావాడికి ఇంకా తెలియలేదు. ప్రతి మలుపునీ లోపలి అంచు ఒరుసుకుంటూనే తిప్పుతాడు. దగ్గర దారట.

ఏడో మలుపో ఎనిమిదో మలుపో, లెక్క తప్పింది, ఎందుకంటే ఆరో మలుపు నుంచి నేను దేవుళ్లని లెక్కపెడుతున్నాను. మూడో గేరులో వచ్చాడు. లోపలి అంచు పట్టాడు. సరిగ్గా అప్పుడే ఎడమ చెయ్యి చాపి "ఒరేయ్, అది చూడు, నది!" అన్నాడు. ఆ ఎడమ చెయ్యి క్లచ్ మీద ఉండాల్సింది. బండి రెండుసార్లు గుడగుడమని, ముసలాయన దగ్గినట్టు దగ్గి, ఆగిపోయింది.

ఆగిపోతే ఫర్వాలేదు. వెనక్కి రావడం మొదలెట్టింది.

మావాడు ముందు బ్రేకు బిగించి పట్టుకున్నాడు. ఎక్కుడులో బరువంతా వెనక చక్రం మీద ఉంటుంది, అందులోనూ వెనక నేనున్నాను, ముందు చక్రం నామమాత్రంగా రోడ్డుని తాకుతూ ఉంటుంది. దాన్ని ఎంత బిగించినా తిరగకుండా జారుతుంది, అంతే. వెనక బ్రేకు వేస్తే ఆగుతుంది కదా అంటారు. ఆగుతుంది. వెనక బ్రేకు కుడి కాలి కింద ఉంటుంది. ఆ కుడి కాలు కంగారులో రోడ్డు మీదికి దిగిపోయింది, ఎడమ కాలు అంతకు ముందే దిగింది. వాడు రెండు కాళ్లతో కొండకి ఎదురు తన్నుతున్నాడు, కొండ పట్టించుకోవడం లేదు.

"దిగరా!" అన్నాడు. ఒక కాలు ఎత్తాను. "కదలకు, కదిలితే పడతాం!" అన్నాడు. కాలు అలాగే గాలిలో ఉంచాను. "దిగమన్నానా?" అన్నాడు. "కదలొద్దన్నావు కదరా?" అన్నాను. "కదలకుండా దిగు!" అన్నాడు. అష్టసిద్ధుల్లో లఘిమ అని ఒకటుందట, అది సాధించినవాడు దూదిపింజలా తేలికైపోతాడట. ఘాట్ రోడ్డు మీద కదలకుండా దిగడానికి ఆ సిద్ధి కావాలి, నాకున్నది మామూలు డిగ్రీ. ఒంటి కాలి మీద కొంగలా, వాడి చొక్కా రెండు చేతులా పట్టుకుని, వెనక్కి ప్రయాణిస్తూ ఉన్నాను. కింది నుంచి ఒక కారు వచ్చి మా వెనకే ఆగింది, అందులో వాళ్లు అద్దం దింపి చూస్తున్నారు, చూడరూ మరి, వ్యూ. పై నుంచి లారీ. ఇరుకు ఘాట్‌లో దిగే బండి ఎక్కే బండికి దారివ్వాలని చాలాచోట్ల నియమం. లారీ ఆయన పెద్దమనిషి, నియమం ప్రకారం పైన ఆగి మాకోసం ఎదురుచూస్తున్నాడు. ఎక్కే బండి దిగుతూ ఉంటే ఏం చెయ్యాలో నియమం రాసినవాళ్లు రాసినట్టు లేరు.

చివరికి ఎలా దిగానో నాకే తెలియదు. దిగానో, రాలానో. పిట్టగోడ పక్క నుంచి ఒక రాయి తెచ్చి వెనక చక్రం కింద పెట్టాను. మానవజాతి కనిపెట్టిన బ్రేకుల్లో ఇప్పటికీ నేను నమ్మేది ఆ ఒక్కదాన్నే. మావాడు ఫస్ట్ గేరు వేసి, ఇంజన్ని ఊరంతా వినపడేలా గోల పెట్టించి, క్లచ్ వదిలాడు. బండి లేచింది. పోయింది. పోతూనే ఉంది. నేను లేని తేలికతో అది హాయిగా ఎక్కేస్తుంటే వాడికి ఆపే ధైర్యం చాలలేదు. ఆపితే మళ్లీ ఇదే కథ కదా. మలుపు తిరిగి మాయమైపోయాడు. రాయి తీసి పక్కన పడేశాను (తియ్యకుండా రోడ్డు మధ్య వదిలేసి పోయేవాళ్లున్నారు, వాళ్ల సంగతి వేరే వ్యాసంలో), లారీ ఆయనకి దండం పెట్టాను, నడక మొదలెట్టాను.

ఆ నడక నా జీవితంలో అత్యంత ఆనందకరమైన రెండు మలుపులని ఇక్కడ నమోదు చేస్తున్నాను. మొదటిసారి వ్యూ చూశాను. బాగానే ఉంది. నిజంగానే నది.

పైన మావాడు ట్యాంకు మీద మోచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. "చూశావా ఎలా లేపానో!" అన్నాడు. తర్వాత బండి ఎందుకు ఆగిపోయిందో సైన్సు చెప్పాడు. ఎత్తుకి పోయేకొద్దీ గాలి పల్చబడుతుందట, ఇంజన్‌కి ఊపిరి చాలదట. అది నిజమే, టర్బో లేని ఇంజన్ ప్రతి 1000 మీటర్లకీ సుమారు 10 శాతం శక్తి కోల్పోతుంది. మేము కింది నుంచి ఇంకా 300 మీటర్లు కూడా ఎక్కలేదు. పల్చబడింది గాలి కాదు.

వీడి జీవితాశయం ఇటలీలోని స్టెల్వియో కనుమ ఎక్కడం. ఒక్క పక్కనే 48 హెయిర్‌పిన్లు, పైన 2757 మీటర్ల ఎత్తు. ఫోన్ వాల్‌పేపర్ కూడా అదే. ఆ రోడ్డు 1825లో పూర్తయింది, మోటారు బండి పుట్టక ముందే, గుర్రపు బళ్ల కోసం వేశారు. గుర్రానికి బుద్ధుంది కాబట్టి 48 మలుపులు సరిపెట్టారు. మలుపు మధ్యలో తల వెనక్కి తిప్పి "వ్యూ చూడు" అన్న గుర్రం చరిత్రలో లేదు.

బొలీవియాలో మృత్యుమార్గం అని పేరుపడ్డ యుంగాస్ రోడ్డు ఉంది. దేశమంతా కుడి పక్క నడిపితే అక్కడ మాత్రం ఎడమ పక్క నడపాలి, ఎందుకంటే అక్కడి బళ్లలో ఎడమ పక్క కూర్చునే డ్రైవరుకి తన బయటి చక్రం అంచుకి ఎంత దగ్గరగా ఉందో కనపడాలి. ఎంత ముందుచూపు! బైకు వెనక సీటుకి ఏ దేశపు చట్టమూ అక్కర్లేదు, అంచు ఎప్పుడూ కనపడుతూనే ఉంటుంది. బ్రేకు మాత్రం ఉండదు. క్లచ్ ఉండదు, హారన్ ఉండదు, అభిప్రాయం ఉండదు. ఉన్నదల్లా వెనక ఒక ఇనప కమ్మీ, దాన్ని పట్టుకుంటే "నా మీద నమ్మకం లేదా?" అని అడుగుతాడు.

లేదు.

ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. చెప్పకుండా ముగిద్దామనుకున్నాను, కుదరడం లేదు. బయల్దేరేటప్పుడు హెల్మెట్ ఒక్కటే తెచ్చాడు. ఒక్కటే. ముఖమంతా కప్పే మంచి హెల్మెట్, నెత్తి మీద చిన్న కెమెరా కూడా అతికించి ఉంది. నాదేదిరా అంటే, "వెనక కూర్చునేవాడికి ఎందుకురా?" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వి ఎక్కాను, అందుకు నన్ను కూడా తిట్టండి.

వెనక కూర్చునేవాడికి ఎందుకా? బండి పడితే ముందు సీటు ఒక్కటే పడుతుందా? నా తలకి ఏమన్నా వేరే పుర్రె ఉందా? అరవై పైచిలుకు అధ్యయనాలని జల్లెడ పట్టి కొక్రేన్ అనే వైద్య పరిశోధనల సంస్థ ఇచ్చిన సమీక్ష 2008లో తేల్చిన మాట, హెల్మెట్ ఉంటే ప్రమాదంలో చావు 42 శాతం, తలకి దెబ్బ 69 శాతం తగ్గుతాయని. అందులో ముందు సీటుకి మాత్రమే అని చిన్న అక్షరాల్లో కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్బుల పక్కన పోరాడి అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ బ్రిటిష్ సైనికాధికారి టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో ఇంగ్లండులో బైకు మీద పోతూ, రోడ్డులో ఒక పల్లం అడ్డొచ్చి కనపడకుండా పోయిన ఇద్దరు సైకిలు పిల్లల్ని తప్పించబోయి పడ్డాడు. కొండ లేదు, లోయ లేదు, హెయిర్‌పిన్ లేదు, చిన్న పల్లం. నెత్తిన హెల్మెట్ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి 46 ఏళ్లకి పోయాడు. చూసిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జన్ ఉన్నాడు. ఆయన దాన్ని మర్చిపోలేక బైకు నడిపేవాళ్ల తల గాయాలని ఏళ్ల తరబడి లెక్కగట్టి 1941లో వ్యాసం రాస్తే, ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం బైకు నడిపే సిపాయిలందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. యుద్ధం నడుస్తుండగా, ఊళ్ల మీద బాంబులు పడుతుండగా, ఆ సైన్యానికి సిపాయిల తలల గురించి ఆలోచించే తీరిక దొరికింది. మావాడికి ఆదివారం పూట ఇంకో హెల్మెట్ అడిగి తెచ్చే తీరిక దొరకలేదు. కెమెరా అతికించే తీరిక మాత్రం దొరికింది! వాడి తలని వాడు కాపాడుకున్నాడు, వాడి వీడియోని కాపాడుకున్నాడు, వాడు చేసే ప్రతి వెధవ సాహసానికీ నా నెత్తిని తాకట్టు పెట్టాడు. ధైర్యం వాడిది, పుర్రె నాది. దీన్ని స్నేహం అంటారా? నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి, అది భయం వల్ల అనుకుంటే పొరపాటు.

దిగేటప్పుడు ఇంకో ఐడియా ఇచ్చాడు. ఇంజన్ ఆపేసి జారిపోదాం, పెట్రోలు మిగులుతుంది అని. చిన్న గేరులో ఇంజనే బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది, అది ఆపేస్తే భారమంతా బ్రేకుల మీద పడి అవి కాగిపోయి పట్టు వదిలేస్తాయి అని వివరంగా చెప్పాను. "నీకన్నీ భయాలేరా" అన్నాడు. నేను నడిచి దిగాను. వాడు ఇంజన్ ఆపాడో లేదో తెలియదు, కింద నేను చేరేసరికి రెండు చేతులతో బ్రేకు డిస్కుకి గాలి విసురుతూ కనపడ్డాడు.

ఆ ప్రయాణం వీడియో పెట్టాడు. "మేమిద్దరం కొండని జయించాం" అని రాశాడు. నేను నడిచిన రెండు మలుపులూ కత్తిరించేశాడు. నేను కనపడేది ఒక్కచోట, నది దగ్గర, వాడు తల తిప్పినప్పుడు, కళ్లు మూసుకుని. కింద ఎవరో "మీ ఫ్రెండ్ ధ్యానంలో ఉన్నారా" అని కామెంటు పెట్టారు.

మొన్న మెసేజ్ పెట్టాడు. ఇంకో కొండ దొరికిందట, దీనికంటే నిటారట, వ్యూ అదిరిపోతుందట, వస్తావా అని. హెల్మెట్లు ఎన్ని అని అడిగాను. రెండు నీలం గీతలు పడ్డాయి. నాలుగు రోజులైంది.