గీయని చేతికి కర్బనం పట్టుబడదు

వరి గింజలోని పిండి, వరిగడ్డిలోని పీచు రెండూ గ్లూకోజ్ అణువులు ఒకదాని వెంట ఒకటి అతుక్కొని ఏర్పడినవే. మొదటిది మనకు అన్నం, రెండోది పశువుకు మేత. ఒకే మొక్కలో, ఒకే చక్కెర నుంచి ఇంత తేడా ఎలా వచ్చిందంటే, ఆ అణువులు పక్కదానితో కలిసే తీరులో ఉంది. నేను చేరిన పన్నెండు వారాల ప్రాథమిక కర్బన, జీవరసాయన ఆన్‌లైన్ కోర్సులో ఈ సంగతి తొమ్మిదో వారంలో వచ్చింది. సెల్యులోజ్‌లో, అంటే ఆ పీచులో, గ్లూకోజ్ యూనిట్ల మధ్య ఉండే బంధం ఏది అని ఆ వారం అసైన్‌మెంటు అడిగి, కింద నాలుగు జవాబులు ఇచ్చింది. బీటా 1,4 అన్నదాన్ని నొక్కాను. గడువు ముగిశాక పూర్తి మార్కు పడింది. నొక్కిన క్షణంలో బీటా అంటే ఏమిటో, ఒకటో కార్బన్ మీది హైడ్రాక్సిల్ పైకి చూస్తుందో కిందికి చూస్తుందో నాకు తెలియనే తెలియదు.

ఉద్యోగం చేసుకుంటూ, ఇంట్లోనే కూర్చొని, కర్బన రసాయనానికీ జీవరసాయనానికీ పునాది వేసుకోవడం సాధ్యమేననీ, అది మంచి ప్రయత్నమేననీ నా అభిప్రాయం. పాఠాలు చెప్పే ఆచార్యులను తప్పుపట్టడానికి నా దగ్గర కారణం లేదు. తప్పల్లా పరీక్షలో ఉంది. చేత్తో గీస్తే తప్ప రాని విద్యను వేలితో నొక్కించి తూచుతున్నంత కాలం, ఈ కోర్సులు సర్టిఫికెట్లు పంచుతాయే గాని రసాయన శాస్త్రాన్ని అందించలేవు.

నేపథ్యం పాఠకులకు తెలిసిందే. ఐఐటీలు, బెంగళూరులోని ఐఐఎస్సీ కలిసి 2003లో ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల పథకాన్ని మొదలుపెట్టాయి. 2017లో కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం వచ్చింది. ఒక సెమిస్టరు కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చదవవచ్చునని 2021లో యూజీసీ నిబంధన పెట్టింది. అంటే ఈ చదువు ఇప్పుడు కాలక్షేపం కాదు, డిగ్రీలో భాగం. నేను చేరిన కోర్సు ఎవరిదన్నది ఇక్కడ అప్రస్తుతం, ఎందుకంటే ఈ జబ్బు ఏ ఒక్కరిదీ కాదు. దేశంలోనూ బయటా వేలాది మందిని ఒకేసారి చేర్చుకునే కోర్సులన్నింటికీ ఎంతో కొంత ఉన్నదే.

నన్ను ఈ కోర్సులోకి లాగింది మా చిన్నాన్న కూతురు. నెల్లూరులో బైపీసీ చదివి, డీఎంఎల్‌టీ చేసి, పెళ్ళయ్యాక అంబత్తూరులో కాపురం పెట్టి, పెరంబూరులోని ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తోంది. పరగడుపు శాంపిళ్ళు తీయాలి గనుక తెల్లవారి ఆరు గంటలకల్లా అక్కడ ఉండాలి. కాలేజీకి వెళ్ళి చదివే వీలు ఆమెకు ఈ జన్మలో దొరకదు. అందుకే లోకల్ రైల్లో నిలబడి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని, ఒకటిన్నర రెట్ల వేగంతో పాఠాలు వింటుంది. ఆన్‌లైన్ చదువే వద్దనేవాళ్ళు ఒకసారి ఆ రైలెక్కి చూడాలి.

మూడో వారంలో ఇద్దరం ఒకే చోట ఇరుక్కున్నాం. నాలుగు వేర్వేరు సమూహాలు తగిలించుకున్న కార్బన్‌కు రెండు రూపాలుంటాయనీ, అవి అద్దంలో ప్రతిబింబాల్లాంటివనీ, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవనీ పాఠంలో చెప్పారు. తెర మీద రంగురంగుల అణువు గిరగిరా తిరిగింది. ఆమె ఆ వీడియో రెండుసార్లు చూసింది, నేను మూడుసార్లు చూశాను, అయినా ఇద్దరికీ పట్టుబడలేదు. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చపాతీల కోసం కలిపిన పిండిలోంచి కొంత తీసి, ఒక ముద్దలో పసుపు, ఒకదానిలో కుంకుమ, ఇంకొకదానిలో కాఫీ పొడి కలిపి, నాలుగోదాన్ని అలాగే ఉంచాం. నడుమ కార్బన్‌గా ఒక సాంబారు ఉల్లిపాయ పెట్టి, కొబ్బరి చీపురు పుల్లలు నాలుగు విరిచి, ఒకదానికొకటి వీలైనంత ఎడంగా గుచ్చాం. అలా గుచ్చితే ఏ రెండు పుల్లల మధ్య కోణమైనా 109.5 డిగ్రీల దగ్గరికి దానంతటదే వస్తుంది. అది అమైనో ఆమ్లం అలనిన్. రెండోది చేసి, అందులో పసుపు ముద్దనూ కుంకుమ ముద్దనూ తారుమారు చేశాం. తర్వాత పావుగంట సేపు ఆమె ఆ రెంటినీ తిప్పి తిప్పి, ఒకదాని మీద ఒకటి కుదర్చాలని చూసింది. రెండు రంగులు కుదిరితే మిగతా రెండు అటూ ఇటూ అవుతున్నాయి. చివరికి పిండి అంటిన చేతులతోనే, "ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడిగినట్టుంది అన్నయ్యా" అంది.

కార్బన్ బంధాలు చతుర్ముఖి మూలల వైపు చూస్తాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారుగా చెప్పిన విషయం అప్పుడు ఆ వంటింట్లో ఆమెకు చేతికందింది. మళ్ళీ మరచిపోతుందని నేను అనుకోను. అసైన్‌మెంటు మాత్రం ఆ వారం, కింది వాటిలో కైరల్ కార్బన్, అంటే అలా నాలుగు వేర్వేరు సమూహాలున్న కార్బన్, ఉన్న అణువు ఏది అని అడిగి ఊరుకుంది. పుల్లలు గుచ్చినవాడికీ, ఆప్షన్లలో నాలుగు వేర్వేరు అక్షరాలు ఎక్కడున్నాయో వెతికినవాడికీ సమానంగానే మార్కులు పడ్డాయి.

కర్బన రసాయనం వినే విద్య కాదని నేనంటున్నది ఇందుకే. అది ఒక లిపి. ఎలక్ట్రాన్ల జంట ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో వంపు బాణాలతో గీసి చూపే పద్ధతి 1922లో కెర్మాక్, రాబిన్సన్ మొదలుపెట్టినది. ఆ బాణం తోక ఎక్కడ మొదలవ్వాలో తెలియనివాడికి చర్య అర్థమైనట్టు కాదు. పిల్లలకు అక్షరాభ్యాసం చేసేటప్పుడు పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దిస్తాం. అక్షరం చూపించి, ఇది ఓంకారమా నకారమా చెప్పమని నాలుగు ఆప్షన్లు ఇవ్వం.

కోర్సు రెండో సగం, అంటే జీవరసాయనం, మొదటి సగానికి కొనసాగింపేనన్న సంగతి కూడా గీసినవాడికే తెలుస్తుంది. మా చెల్లెలు రోజూ పదుల సంఖ్యలో హెచ్‌బీఏ1సీ పరీక్షలు, అంటే హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో కొలిచే మధుమేహ పరీక్షలు, చేస్తుంది. మిషన్ శాతం చెబుతుంది, ఆమె రిపోర్టు తీస్తుంది, డాక్టరు మందు మారుస్తాడు. గ్లూకోజ్ గొలుసు రూపంలో ఉన్నప్పుడు దాని ఒక కొసన ఆల్డిహైడ్ సమూహం ఉంటుంది. హిమోగ్లోబిన్ బీటా గొలుసు మొదట్లో ఉన్న వేలిన్ అనే అమైనో ఆమ్లానికి అమైన్ అనే నైట్రోజన్ సమూహం ఒకటి ఉంటుంది. ఈ రెండూ కలిస్తే నీటి అణువు ఒకటి బయటికి పోయి, కార్బన్‌కూ నైట్రోజన్‌కూ మధ్య ద్విబంధం ఏర్పడుతుంది. తర్వాత అది లోపల సర్దుకొని, ఇక సులభంగా ఊడిరాని రూపానికి మారుతుంది. ఎంజైమ్ అవసరం లేదు, చక్కెర ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా జరుగుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది గనుక గత రెండు మూడు నెలల చక్కెర చరిత్ర దాని మీద అచ్చయి ఉంటుంది.

ఆల్డిహైడ్‌తో అమైన్ కలిసే చర్య మాకు అయిదో వారంలోనే వచ్చింది. హెచ్‌బీఏ1సీ పదకొండో వారంలో, ఒకే స్లైడులో, ఒకే వాక్యంగా వచ్చింది. రెండూ ఒకటేనని కోర్సులో ఏ ప్రశ్నా అడగలేదు. నేను ఒక కాగితం మీద గ్లూకోజ్‌నూ వేలిన్‌నూ పక్కపక్కన గీసి, వీటిని కలపమని ఆమె ముందు పెట్టాను. బాణం రెండుసార్లు తప్పుగా వేసింది. మూడోసారి నైట్రోజన్ మీది ఎలక్ట్రాన్ల జంట నుంచి మొదలుపెట్టి కార్బన్ దాకా లాగి, నీటిని బయటికి పంపి, కాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంది. "ఏడేళ్ళ నుంచి నేను ప్రింటు తీస్తున్నది దీన్నా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె నోట పుట్టించలేని కోర్సు ఎన్ని క్రెడిట్లు ఇస్తే మాత్రం ఏం లాభం?

వేల మంది రాసే చేతిరాత జవాబులు ఎవరు దిద్దుతారని కోర్సులు నడిపేవారు అడుగుతారు. సబబైన ప్రశ్నే. జాగ్రత్తగా తయారుచేసిన బిట్టు మనిషిని ఆలోచింపజేయగలదని కూడా వారంటారు. అదీ నిజమే, అలాంటి బిట్లు నాకు ఈ కోర్సులో మూడో నాలుగో తగిలాయి. కానీ గీసిన అణువును దిద్దడం యంత్రానికి చేతకాదన్నది పాతబడిన సాకు. అణువు నిర్మాణాన్ని ఒక అక్షరాల వరుసగా మార్చే స్మైల్స్ పద్ధతి 1980ల నాటిది; తెర మీద విద్యార్థి గీసిన బొమ్మను అలా మార్చి, సరైన జవాబుతో పోల్చడం కంప్యూటరుకు చిటికెలో పని. బాణాలు దిద్దడం అంతకంటే కష్టమని ఒప్పుకుంటాను. దానికి ఒకరి కాగితాన్ని మరో ఇద్దరు తోటి విద్యార్థులు దిద్దే పద్ధతి ఉంది, ఎన్నో పెద్ద కోర్సుల్లో వాడుకలోనూ ఉంది. వారానికి ఒక్క పేజీ చేత్తో గీసి ఫోటో తీసి పంపాలన్న నియమం పెడితే చాలు.

అయినా ఎందుకు పెట్టరు? ఇక్కడే మన సంగతి మనం చెప్పుకోవాలి. బిట్టును తెలుగువాళ్ళం ఎవరో మన మీద రుద్దితే నేర్చుకోలేదు, ముద్దు చేసి పెంచుకున్నాం. పదో తరగతి పరీక్షలో చివరి అరగంటకు బిట్ పేపరు పంచగానే హాలంతా గుసగుసలు మొదలయ్యే రోజులు నా వయసువారికి బాగా గుర్తు. 1986లో ఎంసెట్ వచ్చాక బిట్టు చదువుకు కొసరుగా ఉండటం మానేసి, అసలు చదువే తానైపోయింది. ప్రశ్న చదవకముందే ఆప్షన్లు చదవడం, రెండింటిని కొట్టేసి మిగతా రెండింటి మధ్య తూగడం, జవాబు నుంచి వెనక్కి నడిచి లెక్క చేయడం అనే నైపుణ్యాలకు కార్పొరేట్ కాలేజీలు రెండేళ్ళు శిక్షణ ఇస్తాయి. ఆ పద్ధతిలో పెరిగినవారు ఇంజనీర్లై, చెన్నైకీ బెంగళూరుకూ వచ్చి, నలభై ఏళ్ళ వయసులో మనసుపడి ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరితే, అక్కడ కూడా ఆ పాత నేస్తమే ఎదురొచ్చి పలకరిస్తోంది. మనకు అది హాయిగా ఉంటుంది. అందుకే ఎవరూ ఫిర్యాదు చేయరు. నా మొదటి ఎనిమిది వారాల అసైన్‌మెంట్ల సగటు తొంభై దాటిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను గాని, అప్పుడు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పెట్టిన మాట వాస్తవం.

చెన్నైలో ఉంటూ ఇలా నేర్చుకోవడం మరీ విచిత్రం. గిండీలోని మద్రాసు విశ్వవిద్యాలయ ఆవరణలో జి.ఎన్. రామచంద్రన్ 1950లలో కొలాజెన్ అనే ప్రోటీన్ అణువుకు మూడు పేటల తాడు లాంటి నిర్మాణాన్ని ప్రతిపాదించారు. అందులో కొన్ని పరమాణువులు ఉండకూడనంత దగ్గరగా ఉన్నాయని శాస్త్రవేత్తలు క్రిక్, రిచ్ అభ్యంతరం చెప్పారు. అసలు ఎంత దగ్గరైతే మరీ దగ్గరైనట్టు అని రామచంద్రన్ బృందం తిరిగి ప్రశ్నించుకొని, అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాల్లోని దూరాలన్నీ జల్లెడపట్టి, ప్రోటీన్ గొలుసు ఏయే మలుపులు తిరగగలదో, ఏవి తిరగలేదో చూపే పటాన్ని 1963లో ప్రచురించింది. ప్రపంచంలో ఎక్కడ ప్రోటీన్ నిర్మాణం కనుక్కున్నా నేటికీ ఆ పటంతో సరిచూస్తారు. ఆ పటం గురించి మా కోర్సు అడిగిన ప్రశ్న, దాని రెండు అక్షాలు ఏవి అన్నది. ఫై, సై అనే మలుపు కోణాలు. ఒక మార్కు. పరమాణువులు ఢీకొట్టుకునే చోటు ఎందుకు ఖాళీగా ఉందో అడగలేదు, ఆ ఖాళీలోనే విషయమంతా ఉంది.

భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా ఇక్కడ తలచుకోక తప్పదు. ఫాస్ఫరస్‌ను నీలిరంగుగా మార్చి, ఆ రంగు గాఢతను బట్టి దాని పరిమాణాన్ని తేల్చే పద్ధతిని ఆయన ఫిస్క్‌తో కలిసి 1925లో ప్రకటించారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వారు గుర్తించింది ఆ కొలత చేతిలో ఉండబట్టే. ఆయన గురించి మన గైడ్లలో ఉండే బిట్టు, ఏటీపీని కనుగొన్న తెలుగు శాస్త్రవేత్త ఎవరు అన్నది. నీలిరంగు సంగతి అందులో ఉండదు. ల్యాబులో ఫాస్ఫరస్ పరీక్ష చేసే మా చెల్లెలికి ఆయన పేరు తెలుసు, ఆ పరీక్షకూ ఆయనకూ ఉన్న సంబంధం తెలియదు.

తుది పరీక్షకు ఇద్దరికీ ఒకే కేంద్రం పడింది. ప్రతి ఒక్కరికీ ఒక కంప్యూటరు, రఫ్ పనికి రెండు తెల్ల కాగితాలు ఇచ్చారు. మధుమేహానికి సంబంధించిన ప్రశ్న ఒకటి వచ్చింది. ఆప్షన్లు చదవకుండానే తాను రఫ్ కాగితం మీద గ్లూకోజ్ గొలుసు గీసి, పక్కన వేలిన్ గీసి, బాణం వేసి, నీటిని బయటికి పంపి, తర్వాత తెర మీద జవాబు నొక్కానని బయటికొచ్చాక మా చెల్లెలు చెప్పింది. కేంద్రంవారు వెళ్ళేటప్పుడు రఫ్ కాగితాలు తిరిగి తీసుకొని, లెక్కపెట్టి, తలుపు పక్కనున్న అట్టపెట్టెలో పడేశారు.