ఏడుపుకు అరగంట

అమెరికాలో చదువుకుంటున్న మా బంధువుల అమ్మాయి ఆఫ్రికాలోని ఘనా వెళ్తోంది. యూనివర్సిటీ వాళ్లే తీసుకెళ్తున్నారు. స్థానిక సంస్కృతి, నల్లజాతి చరిత్ర, పది రోజులు, మూడు క్రెడిట్లు. షెడ్యూలు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పెద్దలందరూ దాన్ని చదివి, ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుందా, అక్కడ పెరుగు దొరుకుతుందా అని విచారించి తృప్తిపడ్డారు. నేను మాత్రం నాలుగో రోజు దగ్గర ఆగిపోయాను.

ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. 10:15కి కేప్ కోస్ట్ కోట, బానిసల చెరసాలలు. 11:15 నుంచి 11:45 దాకా భావాలు పంచుకునే సమయం. 12:00కి బీచ్ రిసార్టులో లంచ్. 2:00కి కాకుమ్ అడవిలో చెట్ల కొమ్మల మధ్య వేలాడే వంతెన మీద నడక. సాయంత్రం డోలు వాయించడం, నామకరణం. కేప్ కోస్ట్ అంటే, ఆఫ్రికన్లని బానిసలుగా సముద్రం దాటించేముందు బంధించి ఉంచిన కోట.

ఈ అరగంట అనే లెక్క ఎవరు తేల్చారో గానీ వాళ్లకి నా నమస్కారం. కమిటీ వేసే ఉంటారు. గంటిస్తే లంచ్ చల్లారిపోతుంది. పావుగంటిస్తే బొత్తిగా మనసు లేదంటారు. అందుకని అరగంట.

సీను నా కళ్లకు కడుతోంది. చీకటి కొట్లోంచి బయటికొచ్చిన ఇరవై మంది పిల్లలు ఎండకి కళ్లు చికిలిస్తూ గుండ్రంగా కూర్చుంటారు. కోఆర్డినేటర్ మేడమ్ వాచీ చూసుకుని, ఎవరైనా మొదలుపెట్టండి అంటుంది. ఒకమ్మాయి నాకు మాటలు రావడం లేదు అని చెప్పి ఆరు నిమిషాలు మాట్లాడుతుంది. పక్కవాడు పవర్‌ఫుల్ అంటాడు. ఆ మాట అయిపోయింది కాబట్టి తర్వాతివాడు చాలా పవర్‌ఫుల్ అంటాడు. ఇంకో కుర్రాడికి పాపం ఇంకా ఏమీ అనిపించలేదట, అనిపించగానే రాత్రికి మెయిల్ చేస్తానంటాడు. సరేనంటారు, గడువు అర్ధరాత్రి. ఎటొచ్చీ 11:50కి బస్సెక్కుతూ వెక్కి వెక్కి ఏడ్చినవాడి సంగతే తేలదు. లేట్ సబ్మిషన్ కింద పది శాతం కోస్తారేమో.

ఆపైన ఫొటో. సముద్రం వైపు ఒక ద్వారం ఉంది, తిరిగి రాని ద్వారం అని దాని పేరు. అందులోంచి ఓడెక్కినవాళ్లు మళ్లీ ఈ నేల చూడలేదు. ఇప్పుడు అవతల రంగురంగుల పడవలు, వలలు బాగుచేసుకునే జాలర్లు. లైటింగు బ్రహ్మాండం. నువ్వు కళ్లు మూశావు, నీ టోపీ అడ్డొచ్చింది, మళ్లీ రండి అంటూ మనవాళ్లు ఆ తిరిగి రాని ద్వారంలోంచి మూడుసార్లు తిరిగొస్తారు.

నామకరణం కూడా ముచ్చటైనదే. అక్కడి అకాన్ ప్రజలు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. శుక్రవారం మగపిల్లాడు కోఫీ, శనివారం ఆడపిల్ల అమా. మా పిల్ల శనివారం పుట్టింది, సర్టిఫికెట్టు మీద అమా అని రాసిస్తారు. అదే పేరుతో పుట్టిన ఆడపిల్లల్ని ఇక్కడ ఓడెక్కించి, అవతలి ఒడ్డున యజమాని నోటికొచ్చిన పేరు తగిలించారు. వాళ్ల దగ్గర లాక్కున్న పేరు మనకి ప్యాకేజీలో ఉచితం.

1653లో స్వీడన్ వాళ్లు మొదలుపెట్టి, తర్వాత ఇంగ్లీషు వాళ్ల చేతికొచ్చిన కోట అది. మగవాళ్లని కుక్కిన చెరసాల ఉంది కదా, సరిగ్గా దాని నెత్తిన చర్చి కట్టుకున్నారు. కింద మనుషులు ఊపిరాడక చస్తుంటే పైన ప్రార్థన చేసుకున్నారు. అది చూసి వచ్చిన నోటితో రెండు గంటలకి చెట్ల వంతెన మీద కేరింతలు కొట్టాలట.

ఆ గ్రూపులో నల్లజాతి పిల్లలు కూడా ఉంటారు. తమవాళ్లు ఏ కోటలోంచి పోయారో వాళ్లలో చాలామందికి చెప్పే కాగితం ఎక్కడా లేదు. ఇదే అయ్యుండొచ్చు. వాళ్లలో ఒక పిల్ల గోడకి చెయ్యి ఆనించి నిలబడితే నిమిషాలు లెక్కపెట్టడానికి మీరెవరండీ? ఫోన్లు గోడ వైపు తిరగవు, ఆ పిల్ల మొహం వైపు తిరుగుతాయి. తన ఏడుపు మిగతా వాళ్లకి పాఠం. దానికీ ఆ పిల్ల ఫీజు కట్టాలి.

సిగ్గులేనితనానికి హద్దుండాలి. ఈ యూనివర్సిటీల సొంత దేశం అమెరికాలో ఏం జరుగుతోంది? ఫ్లోరిడా రాష్ట్రం 2023లో ఒప్పుకున్న బడి ప్రమాణాల్లో, బానిసలు నేర్చుకున్న పనులు కొన్ని సందర్భాల్లో వాళ్లకే లాభించాయని చెప్పమన్నారు. అదే ఏడాది హైస్కూల్లో ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ అడ్వాన్స్‌డ్ కోర్సు వద్దన్నారు. ఇంట్లో వినకూడని సంగతి సముద్రం దాటి వింటే మాత్రం సంస్కారం.

ఇంతకీ అంత దూరం దేనికి? జార్జ్‌టౌన్ కాలేజీని అప్పుల్లోంచి గట్టెక్కించడానికి 1838లో దాన్ని నడిపే జెసూయిట్ అనే క్యాథలిక్ సంఘం ఫాదర్లు 272 మంది బానిసల్ని లూసియానా తోటలకి అమ్మారు. హార్వర్డ్ లా స్కూల్ చిహ్నం 2016 దాకా, ఆంటిగ్వాలో బానిసలతో చెరకు పండించి సంపాదించిన రాయల్ అనే ఇంటిపేరు కుటుంబానిది. అలాంటి భవనాల పక్కనుంచే పిల్లలు రోజూ క్లాసుకి పోతారు. అక్కడ ఏ టూరు బస్సూ ఆగదు. ఫొటోలో వెనకాల సముద్రం పడదు కదా.