ఇంటిపనుల యాప్‌గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ యాప్‌గారికి,

నిన్న రాత్రి పన్నెండు దాటాక ఆఖరి దుప్పటి మడతపెట్టి ‘పూర్తయింది’ నొక్కితే, తమరు నవ్వుమొహం బొమ్మతో సహా ఇలా సెలవిచ్చారు: ‘మీ బహుమతి గడువు ముగిసింది. రేపు మళ్లీ ప్రయత్నించండి!’

తమ దయ. ఇంతకీ ఆ బహుమతి ఏమిటో గుర్తుందా? అరగంట పుస్తకం చదువుకోవడం. పుస్తకం నాది. అరగంట నాది. చదివే కళ్లూ నావే. మరి గడువు ఎవరిదండీ?

ఇదొక్కటే నాకు మింగుడు పడటం లేదు. నా దగ్గరున్నదాన్నే తీసుకుని, తాళం వేసి, గిన్నెలు తోమితే తెరుస్తానంటారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. అల్లుడు కనీసం దానం చేశాడు, తమరు అదీ చేయలేదు.

నన్ను చేర్చుకున్న రోజే నా ఒంట్లో ఓపిక ఎప్పుడు ఎంతుంటుందో అడిగి గ్రాఫ్ గీశారు. ఉదయం పదింటికి శిఖరం, మధ్యాహ్నం మూడింటికి లోయ. అందులో తప్పేం లేదు. ఆ మూడింటి మగత అన్నం తినకపోయినా వస్తుంది, అది ఒంట్లో గడియారం చేసే పని. ఆ గడియారం కణాల్లో ఎలా తిరుగుతుందో కనిపెట్టినవాళ్లకు 2017లో నోబెల్ కూడా ఇచ్చారు. సైన్సుతో నాకు పేచీ లేదు. పేచీ తమతోనే. ఆ పదింటి శిఖరాన్ని నేను ఎప్పుడో ఆఫీసుకు అమ్ముకున్నాను, దానికే జీతమిస్తున్నారు. ఇంటిపనికి మిగిలేది అడుగూబొడుగూ. అది మీ గ్రాఫ్‌లో ఎక్కడా లేదు. పైగా మీటింగ్‌లో నా స్క్రీన్ అందరూ చూస్తుండగా టింగుమని వచ్చారు: ‘మీ శక్తి ఇప్పుడు గరిష్ఠ స్థాయిలో ఉంది! బాత్రూమ్ కడగడానికి ఇదే సరైన సమయం!’

ఇక బట్టలు మడతపెట్టడాన్ని ‘తక్కువ శక్తి’ పనుల్లో వేసిన మహానుభావులెవరో గానీ, వారు ఎప్పుడైనా ఎలాస్టిక్ దుప్పటి మడిచారా? ఒక మూలలో చెయ్యి దూర్చి రెండో మూల వెతికేలోపు మొదటిది జారిపోతుంది. మూడోది దొరికిందని సంబరపడితే అది ఇందాకటి మొదటిదే. కాసేపు దాంతో కుస్తీ పట్టి, ఆఖరికి ఉండచుట్టి అలమరలో కుక్కి, అది బయటికి ఉరకకముందే తలుపు మూసేయాలి. ఇంత యుద్ధానికి అయిదు పాయింట్లు. మొక్కలకు నీళ్లు పోసినా అయిదే.

మొక్కలంటే గుర్తొచ్చింది. నీళ్లు పోయడం నాకు ఇష్టమైన పని, నన్నెవరూ అడగక్కర్లేదు. దానికీ పాయింట్లు పెట్టారు. ఇప్పుడు టిక్కు పెట్టడం మర్చిపోతే, ఆకులు కళకళలాడుతున్నా నా మొహం వాడిపోతోంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇదే చూపించారు. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ పెట్టారు. తర్వాత ఏ ఆశా లేకుండా వదిలేస్తే ఆ పిల్లలు మిగతావాళ్లకంటే తక్కువ గీశారు. మిమ్మల్ని తయారుచేసిన వారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

వరసగా చేసిన రోజులకు వెలిగే ఆ మంట బొమ్మ గురించి మాట్లాడను. జ్వరమొచ్చిన రోజు దాన్ని ఆర్పేశారు, సంతోషం.

మళ్లీ బహుమతి దగ్గరికే వస్తున్నాను, ఏమనుకోకండి. ఇష్టం లేని పని ముందు, ఇష్టమైనది తర్వాత. మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రెమాక్ 1959లో చెప్పిన సూత్రం ఇదే. పిల్లలున్న ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు అంతకుముందు నుంచే వాడుతున్నారు. ఒప్పుకుంటా, పనిచేస్తుంది. కానీ తర్వాతిది తర్వాతైనా రావాలి కదా! ‘హోంవర్క్ అయ్యాక ఆడుకో’ అన్నవాళ్లు చీకటి పడ్డాక గేటు తీస్తే పిల్లాడు ఏం ఆడతాడు? చదవడానికీ ఓపిక కావాలి స్వామీ. గిన్నెలు, బట్టలు, గచ్చు అన్నీ అయ్యేసరికి అదే లైను పదేపదే చదువుతూ పుస్తకం మొహం మీద పడేసుకుని నిద్రపోతాను. నా రోజంతా నిలువునా కోసి ఓపిక లెక్కలు కట్టినదానివి, బహుమతికి ఎంత ఓపిక పడుతుందో ఒక్కసారైనా లెక్కేశావా? వెయ్యలేదు. ఎందుకేస్తావ్? నీకు కావాల్సింది నా టిక్కు. నేను చదివితే నీకేంటి, చదవకపోతే నీకేంటి! నా పుస్తకం జోలికి రావడానికి అసలు నువ్వెవరు?

రాత్రే సెట్టింగ్స్‌లోకి వెళ్లి బహుమతులన్నీ పీకేశాను. ‘మీకు ప్రేరణ తగ్గే ప్రమాదం ఉంది’ అని హెచ్చరించావు. తగ్గనీ.

నిన్ను మాత్రం తీసేయను. పళ్లు తోముకోగానే చెత్తసంచి గుర్తుచేస్తావు చూడు, అదొక్కటి బాగుంది. పాయింట్ల కోసం కాదు, అప్పుడు ఎలాగూ లేచే ఉంటాను కాబట్టి బయట పెట్టేస్తున్నాను. ఆ పని నీకే ఉంచాను. చెత్త అని ఒక్క మాట చెప్పి నోరు మూసుకో. గిన్నెలు, దుప్పటి, బాత్రూమ్ నేను చూసుకుంటాను. చూసుకోకపోతే అదీ నా ఇష్టమే.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు
(సున్నా పాయింట్లు)