వియ్యాలవారి బీరుకి 50కి 31

పోయిన శనివారం సాయంత్రం నేను జడ్జినయ్యాను. బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక బ్రూపబ్బు, అంటే తన బీరు తనే కాచుకునే పబ్బు, పేరెందుకులెండి, వేరే ఊరి బ్రూవరీతో కలిసి ఇండియా పేల్ ఏల్ అనే ఒక చేదు బీరు కాచింది, దాన్ని రుచి చూసి మార్కులు వేయడానికి కొందరు పెద్దల్ని పిలిచింది. పిలిచింది నన్ను కాదు, మా ఆఫీసులో ఒక అన్నని. ఆయనకి సరిగ్గా నాలుగింటికి ప్రొడక్షన్‌లో ఏదో పడిపోయింది, పాసు నా చేతికొచ్చింది. పెద్ద పెద్ద నియామకాలన్నీ ఇలాగే జరుగుతాయని విన్నాను. మారతహళ్లి నుంచి అక్కడికి వెళ్లడానికి పట్టిన గంటా ఇరవై నిమిషాల్లో నాకు నిజంగానే జడ్జికి ఉండాల్సిన గాంభీర్యం వచ్చేసింది. తోడుగా మా రూమ్మేట్, గుంటూరువాడు.

కొలాబ్ బీరంటే తెలియనివాళ్లకి ఒక మాట. రెండు బ్రూవరీలు వియ్యమంది ఒకే గంగాళంలో కాచుకోవడం, అంతే. ఇక్కడ మగపెళ్లివారు గంగాళం, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాలు పెట్టుకున్నారు. ఆడపెళ్లివారు హాప్స్, అంటే బీరుకి చేదూ వాసనా ఇచ్చే పువ్వులు, పట్టుకుని విమానం దిగారు. డబ్బా మీద లేబులు అచ్చం శుభలేఖ. రెండు లోగోలూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకే సైజులో ఉన్నాయంటేనే, ఎవరి పేరు ముందుండాలని ఎంత పంచాయితీ జరిగిందో ఊహించుకోవచ్చు. ఇక పిల్ల ఎలా ఉందో చెప్పాల్సింది మాత్రం, సంబంధంతో ఏ సంబంధమూ లేని మేము.

ముందు మైకు పట్టుకున్నాయన కథ చెప్పాడు. ఇండియాలో ఉన్న తెల్ల సిపాయిలకి బీరు పంపిస్తే దారిలో పాడైపోయేదట, అందుకని హాప్స్ దండిగా వేసి ఈ బీరుని కనిపెట్టారట. అందరూ తలలూపారు. నేను చేయెత్తాను. జడ్జిని కదా. అయ్యా, ఆ రోజుల్లో పోర్టర్ అనే నల్ల బీరు కూడా అదే ఓడల్లో గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి నెలల తరబడి ప్రయాణం చేసి బాగానే దిగేది. లండన్‌లో హాడ్జ్‌సన్ అనే వ్యాపారి బ్రూవరీ ఈస్టిండియా ఓడలు ఆగే రేవుకి దగ్గర్లో ఉండేది, పైగా ఆయన కెప్టెన్లకి 18 నెలల అప్పు మీద సరుకిచ్చేవాడు. 18 నెలలు డబ్బు అడగనివాడి బీరుని చేదుగా ఉందని అనే మొనగాడు పుట్టలేదు. ఈస్ట్ ఇండియా పేల్ ఏల్ అనే పేరైతే, ఇప్పటిదాకా దొరికిన వాటిలో మొదటిసారి 1829లో సిడ్నీ పత్రిక ప్రకటనలో కనిపించింది. అంటే పేరు కూడా ఇక్కడ పుట్టలేదు.

మైకాయన నవ్వి, వాటర్ తాగండి సర్ అన్నాడు.

అప్పుకీ ఈ ఊరికీ పాత బంధమే ఉందనుకోండి. బెంగళూరు క్లబ్బులో 1899 నాటి లెక్కల పుస్తకంలో లెఫ్టినెంట్ చర్చిల్ పేరు మీద 13 రూపాయల బాకీ ఇప్పటికీ అలాగే ఉంది. తర్వాత బ్రిటన్ ప్రధాని అయ్యాడు, బాకీ మాత్రం తీరలేదు. ఇక్కడ ఒక గ్లాసు 450 రూపాయలు, ట్యాక్సు వేరే, క్యూఆర్ కోడ్ బల్లకే అతికించి ఉంది.

ఇక మార్కుల కాగితం. అమెరికాలో బీరు జడ్జీలకి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లిచ్చే సంస్థ ఒకటుంది, 1985 నుంచీ ఉంది, కాగితం వాళ్లదే. మొత్తం 50. వాసనకి 12, రుచికి 20, నోట్లో ఎలా ఆనుతుందో దానికి 5, మొత్తమ్మీద ఎలా ఉందో దానికి 10, రూపానికి 3. రూపానికి మూడే! ఈ కాగితం మన పెళ్లిచూపులకి ఎందుకు పెట్టలేదో నాకర్థం కాలేదు. మూడుకి మూడూ వేసేశాను.

వాసన దగ్గర గొడవ మొదలైంది. పక్క టేబుల్ ఆవిడ కళ్లు మూసుకుని గ్రేప్‌ఫ్రూట్ అంది. వెంటనే హాలంతా గ్రేప్‌ఫ్రూట్, గ్రేప్‌ఫ్రూట్ అంటూ రాసుకోవడం. వీళ్లలో ఆ పండు తిన్నవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. పంపరపనసకీ బత్తాయికీ పుట్టిన సంకరం అది, అంటే మనకి తండ్రి తరఫు బంధువు. నా ముక్కుకి మాత్రం దబ్బాకు నలిపినట్టుంది, అడుగున దేవుడి గదిలో సాంబ్రాణి. ఈ కాగితం మీద దబ్బాకు అని రాస్తే మార్కులు నాకు తగ్గుతాయేమోనని భయమేసి, నేనూ గ్రేప్‌ఫ్రూట్ అనే రాశాను. ఎనిమిది. హాప్స్ మొక్క గంజాయికి దాయాది, ఒకటే కుటుంబం, ఈమె మాత్రం చట్టం ఒప్పుకున్న సంతానం.

మా గుంటూరువాడు ఒక గుక్క తాగి గ్లాసు దించాడు. "మామా, కాకరకాయలు ఉడకబెట్టి నీళ్లు వార్చారురా, ముక్కలేవి?"

తప్పు వాడిది కాదు. మన ఇళ్లల్లో కాకరకాయకి ఉప్పు రాసి, పిండి, చింతపండేసి, బెల్లమేసి, చేదుని ఇంట్లోంచి తరిమేదాకా అమ్మ ఊరుకోదు. ఏడాదికోసారి ఉగాదికి వేపపువ్వు మింగేది కూడా దేవుడి మీద గౌరవంతోనే. ఇక్కడేమో ఆ చేదుని కొలిచి, అంకె వేసి, అమెరికన్ రకానికైతే 40 నుంచి 70 దాకా ఉండాలని గీత గీసి, మాది 65 అని కాలర్ ఎగరేస్తున్నారు. కాచే పద్ధతి మాత్రం మన చారే. హాప్స్ ముందు వేసి మరిగిస్తే చేదు దిగుతుంది, చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది, చల్లారాక పులిసేటప్పుడు వేస్తే దాన్ని డ్రై హాపింగ్ అంటారు, మనం దించాక కొత్తిమీర చల్లడం అంటాం. రుచికి 11.

అప్పుడు నీళ్ల సంగతొచ్చింది. ఇంగ్లండులో బర్టన్ అనే ఊరి నీళ్లలో జిప్సం ఎక్కువ, దాంతో చేదు పదునుగా తేలుతుంది. 1820ల్లో హాడ్జ్‌సన్ బీరుకి నకలు కాచి (మొదటి శాంపిల్ టీ పాట్‌లో కాచారని చెప్పుకుంటారు) ఆ ఊరు లండన్‌నే మించిపోయింది, వట్టి ఉప్పు నీళ్ల పుణ్యాన. మా అపార్ట్‌మెంటుకొచ్చే ట్యాంకర్ నీళ్లకి గీజర్ పూడిపోతుంది, నా తల మూడేళ్లలో బయలైంది. మనం ఆ నీళ్లతో స్నానం చేసి ఏడుస్తున్నాం, వాళ్లు వాటితో సామ్రాజ్యం కట్టారు. ఇక్కడ ఎలా చేస్తారని అడిగితే, ముందు ఆర్వో పెట్టి ఉప్పులన్నీ తీసేస్తాం సర్, తర్వాత జిప్సం తూకం వేసి కలుపుతాం అన్నాడు కాచేవాడు. పాలిష్ బియ్యం తిని, పోయిన తవుడుని బీకాంప్లెక్స్ మాత్రలుగా మింగే జాతికి ఇది కొత్తగా అనిపించకూడదు, కానీ నాకు జిప్సం అన్న మాట దగ్గర మనసు ఆగిపోయింది. మాది కదిరి దగ్గర పల్లె. శెనక్కాయ ఊడలు దిగే టైముకి మా నాయన ఎకరాకి 200 కిలోలు వేస్తాడు, గింజ నిండాలని.

ఇంతలో హాప్స్ రకాల మీద ప్రసంగం మొదలైంది, సిట్రా, మొజాయిక్, గెలాక్సీ అంటూ దండకం. మా ఊళ్లో కదిరి 6, కదిరి లేపాక్షి అని శెనక్కాయ రకాల పేర్లు రైతులు చెప్పుకునేటప్పుడు కూడా గొంతులో ఇదే తన్మయత్వం ఉంటుంది, కాకపోతే ఎవరూ మైకివ్వరు. బల్ల మీద పీనట్ మసాలా వచ్చింది. ఉల్లిపాయ, నిమ్మరసం, వేయించిన గింజలు, ప్లేటు 290. మా వాడు బీరు సంగతి మర్చిపోయి దాని మీద పడ్డాడు. నేను మిగతావాటికి మూడూ ఆరూ వేసి, కూడి 31 అని కాగితం ఇచ్చేశాను.

అప్పుడే ఫోన్ మోగింది. నాయన.

"జిప్సం బస్తాలు దింపినారు రా, రేపు తెల్లారి ఏస్తాం. నువ్వు యాడున్నావు?"

ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో శెనక్కాయ గింజలు.

"ఆ పని మీదే ఉన్నా నాయనా" అన్నాను.