గంటలో హైదరాబాదా? ఎవరికి?

రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్ గంట ప్రయాణమట. మైకు అందిన ప్రతి నాయకుడిదీ ఇదే పాట. రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి శంషాబాద్‌కు గాలిలో గీత గీస్తే దాదాపు 360 కిలోమీటర్లు. ఏటీఆర్ అనే చిన్న విమానానికి అది గంటా, గంటంపావు పని. లెక్క తప్పని మేము అనడం లేదు. విమానం లెక్కను మనిషి లెక్కగా చెప్పి చప్పట్లు కొట్టించుకోవడమే మోసం.

రన్‌వే మీద ఎవరూ కాపురం ఉండరు కదా! అమలాపురం మనిషి కొత్తపేట మీదుగా కొబ్బరి లారీల వెనక ఈడ్చుకుంటూ రావులపాలెం చేరాలి. జొన్నాడ వంతెన దాటి, రాజమండ్రి చుట్టుకుని, ఊరికి ఉత్తరాన ఉన్న మధురపూడి ఎక్కాలి. అంతా కలిపి ఎనభై కిలోమీటర్లకు అటూ ఇటూ. రెండు గంటలకు తగ్గదు. బ్యాగుల కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే ఉండాలి. హైదరాబాద్‌లో విమానం దిగాక పెట్టె కోసం నిలబడటం, శంషాబాద్ నుంచి కూకట్‌పల్లికి ట్రాఫిక్‌లో మరో గంటా గంటన్నర. మీ 'గంట' కాస్తా ఆరు గంటలు దాటింది. రాజమండ్రిలో వందేభారత్ ఎక్కినవాడు ఆరుగంటల పైచిలుకులో సికింద్రాబాద్‌లో దిగుతున్నాడు!

విమానాశ్రయం వద్దనేవారెవరూ లేరు. ఢిల్లీ, ముంబయిలకు నేరుగా విమానాలు రావడం మేలే. రోగులకూ వ్యాపారులకూ అది నిజమైన సాయం. కాదనం.

మా భయం వేరు. గాలిగీత ఒకసారి లెక్కలోకి వచ్చిందంటే నేల మీది దూరం లెక్కలోంచి జారిపోతుంది. కోనసీమ మీదుగా వెళ్లాల్సిన కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ... గోదావరి మూడు పాయలూ దాటాలి, కష్టమేనని ఒప్పుకుందాం. దాని గురించి ఏ సభలోనైనా నిమిషాల లెక్క విన్నారా? సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం నిలబడ్డ మనిషి ఎంతసేపు కాచుకున్నాడో ఏ ఫ్లెక్సీ మీదైనా చూశారా? విమానం అయితే నిమిషాల్లో చెబుతారు, రైలు అయితే 'త్వరలో' అంటారు. ఇదేం కొలత? రేపు రైలు సంగతి అడిగితే, గంటలో విమానం ఉంది కదా అనరని హామీ ఏది? గల్ఫ్‌కు పోయే కోనసీమ ఆడబిడ్డకు ఆ జవాబు చెప్పి చూడండి.

ఇకపై గంట అని చెప్పదలిస్తే ఎక్కడి నుంచి ఎక్కడికో కూడా చెప్పండి. అంతకన్నా ముందు ఒక పని చేయండి. కాన్వాయ్ వదిలి, సైరన్ ఆపి, అంతర్వేది నుంచి మధురపూడి దాకా ఒక్కసారి బస్సులో రండి. చేతికి గడియారం మాత్రం మరచిపోవద్దు.