తుపాకి ముక్కుపుల్ల

సైకిల్ షాపు ఆయన కొడుకైతే చాలు, ఇనుముతో చేసిన ఏ సామానైనా బాగుచేస్తాడని జనానికి ఒక నమ్మకం. నేను నల్లగొండలో డిగ్రీ సెకండియర్ చదువుతున్నప్పుడు, అంటే 1993లో, ఆ నమ్మకం మాకు డ్రిల్లు నేర్పే ఎన్‌సీసీ ఉస్తాద్‌కి కూడా కలిగింది. తప్పు నాదే. క్యాంపు మొదటి రోజు ఆయన సైకిల్ వెనక చక్రానికి బెండు తీసిచ్చి, పైసలు వద్దని, పైగా "ఇదేం పెద్ద పని ఉస్తాద్" అని ఒక మాట అన్నాను. ఆ మాట అనకుండా ఉంటే నా మానాన నేను పూరీలు తిని ఇంటికి పోయేవాణ్ణి.

ఊరి బయట గుట్టల పక్కన పది రోజుల క్యాంపు. ఎర్రమొరం నేల, తుమ్మకంప, పొద్దున పూరీ, మధ్యాహ్నం పప్పు, రాత్రి అదే పప్పు కొంచెం పలచగా. ఎనిమిదో రోజు ఫైరింగ్. మామూలుగా మా చేతికి పాయింట్ టూ టూ రైఫిలే ఇస్తారు, దాని తన్నుడు మేకపిల్ల తన్నినట్టుంటుంది. ఆ రోజు మాత్రం సీనియర్ల కోసం ఒక త్రీనాట్‌త్రీ తెచ్చారు. దగ్గర దగ్గర నాలుగు కిలోల బరువు, పేల్చిన ప్రతిసారీ భుజం మీద ఎవరో రోకలితో పోటేసినట్టుండేది. వెనక్కి లాగి గుండు ఎక్కించే బోల్టు పక్కన ఇనుప పట్టీ మీద కిరీటం బొమ్మ, దాని కింద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, ఇంకా కిందికి ఫ్యాక్టరీ పేరు ఇషాపూర్, సంవత్సరం 1943. ఆ మూడక్షరాలూ అప్పటి జార్జి రాజుగారి బిరుదు. అంటే స్వాతంత్ర్యం కన్నా నాలుగేళ్ళు పెద్దది, మా నాయన కన్నా కూడా పెద్దదే. ఉస్తాద్ దాన్ని "బుజుర్గ్" అనేవాడు.

ఈ పెద్దమనిషికి ఒకటే జబ్బు. మా సీనియర్ ఒకడు, గురి బాగా కుదిరేవాడు, నూరు గజాల నుంచి అయిదు రౌండ్లు కొట్టాడు. అయిదూ ఒక్క చోటే, దోసిట్లో పట్టేంత జాగాలో పడ్డాయి. కానీ నడిమి చుక్కకి జానెడు ఎడమకి. ఇంకొకణ్ణి పడుకోబెట్టి కొట్టించారు, మళ్ళీ జానెడు ఎడమకే. మా పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దు ఎటు తిరిగినా స్తంభం నీడ లింగం మీది నుంచి కదలదు చూడండి, ఈ రైఫిల్‌దీ అంత నిష్ఠ, ఎవరు పేల్చినా ఎడమకి జానెడే.

"ఫోర్‌సైట్ హిల్ గయా" అన్నాడు ఉస్తాద్.

గురి చూడటానికి గొట్టం చివర ఉండే ఆ ముందు సైటును ముట్టుకోవాల్సింది అసలు ఆర్మరర్, అంటే తుపాకులు బాగుచేసే ఆయన. ఆయన దగ్గర దానికోసమే ఒక బిగింపు పనిముట్టు ఉంటుంది, మర తిప్పుతుంటే సైటు వెంట్రుకవాసి చొప్పున జరుగుతుంది. ఆయన బిడ్డ పెండ్లికి సెలవు మీద పోయాడు. ఉస్తాద్‌కి దూరపు చూపు గద్ద చూపే గానీ దగ్గరిదానికి చత్వారం, అద్దాలేమో ఊళ్ళో రూములో మరిచిపోయి వచ్చాడు. ఇక మిగిలినవి ఒక సుత్తి, ఒక ఇత్తడి కడ్డీ ముక్క, నేను.

"సైకిల్‌వాలే, ఇధర్ ఆ."

ముందు సైటంటే ఏదో పెద్ద యంత్రం అనుకునేరు. గొట్టం చివర చిన్న దిమ్మె, ఆ దిమ్మె మీద అడ్డంగా ఒక గాడి, గాడిలో దూర్చిన ఉక్కు పలక, మొత్తం కలిపి చింతగింజలో సగం ఉంటుంది. గాడి అడుగున వెడల్పు, పైన సన్నం, కాబట్టి పలక పైకి ఊడి రాదు, పక్కకి కొడితేనే జరుగుతుంది. దానికి దెబ్బ తగలకుండా రెండువైపులా రెండు ఇనుప చెవులు, ఆ చెవులున్న మూతి ముక్కను నోస్‌క్యాప్ అంటారు. మా మోటు పనిముట్లతో కొట్టాలంటే ముందు ఆ నోస్‌క్యాప్ స్క్రూలు విప్పి పక్కన పెట్టాలి, కొట్టాలి, బిగించాలి, పేల్చి చూడాలి, కుదరకపోతే మళ్ళీ విప్పాలి. పెండ్లికొడుక్కి తలపాగా సర్దుతున్నట్టు ఉంటుంది వ్యవహారం.

ఎటు కొట్టాలనేది ఇంకో తిరకాసు. గుండ్లు ఎడమకి పోతున్నాయంటే సైటును కుడికి జరపాలని ఎవరికైనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది, అదే అన్నాను కూడా. ఉస్తాద్ నవ్వాడు. "గోలీ జిధర్, ఫోర్‌సైట్ ఉధర్" అన్నాడు. గుండు ఎటు పోతుంటే సైటును అటే నెట్టాలట. ఆలోచిస్తే నిజమే. ముందు సైటును ఎడమకి జరిపామనుకోండి, దాన్ని తిరిగి వెనక సైటు నడిమికి, గురి మీదికి తేవాలంటే గొట్టం మొత్తాన్ని కుడికి తిప్పాల్సిందే, అప్పుడు గుండు కుడికే పోతుంది. రెండు సైట్ల మధ్య దూరం అర మీటరు. కాబట్టి అక్కడ ఒక మిల్లీమీటరు తేడా వస్తే నూరు గజాల అవతల అది జానెడవుతుంది. మా రోగానికి మందు సరిగ్గా ఒక మిల్లీమీటరు. డోసు తెలిసింది, మందు తెలిసింది, డాక్టరు పైన కూర్చున్నాడు, ఇక కాంపౌండరుగా నేను చేయాల్సింది ఒక్క సుత్తి దెబ్బే.

బోల్టు తీసేసి, చాంబర్ ఖాళీగా ఉందని మూడుసార్లు చూసి, ఉస్తాద్ బోల్టును ప్యాంటు జేబులో వేసుకున్నాడు. రైఫిల్‌ని రెండు ఇసుక బస్తాల మీద పడుకోబెట్టి, మూతి కింద నూనె తుడిచే గుడ్డపేలిక, ఉస్తాద్ మాటల్లో చింది, ఒకటి మెత్తగా పరిచాం. ఆయన రైఫిల్ మడమ, అంటే భుజానికి ఆనించే కట్టె, దగ్గర కూర్చుని రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టాడు. నేను మూతి దగ్గర, ఆయనకు ఎదురుగా గొంతుకూర్చున్నాను.

"బాయే. థోడా."

బాయే అంటే ఎడమ అని నాకు తెలుసు. ఎనిమిది రోజులుగా బాయే ముడ్, దాయే ముడ్ అని ఆ ఎండలో తిరుగుతున్నది దానికే కదా. కడ్డీ ముక్క ఆనించి, ఎడమకి కొట్టాను. కదిలింది. నోస్‌క్యాప్ బిగించి సీనియర్‌కి ఇచ్చాం. అయిదు రౌండ్లు. గుంతలో కూర్చుని గుండ్లు చూసే పిల్లలు కర్రతో చూపించారు: రెండు జానలు ఎడమకి.

ఉస్తాద్ మొహం చిట్లించాడు. జబ్బు ముదిరిందన్నాడు. "ఔర్ బాయే. జోర్ సే."

మళ్ళీ విప్పాను, మళ్ళీ ఎడమకి కొట్టాను, ఈసారి కొంచెం మనసు పెట్టి. సీనియర్ పేల్చాడు. గుంతలో నుంచి కర్ర లేవలేదు, జెండా లేచింది. అటూ ఇటూ, అటూ ఇటూ ఊపుతున్నారు. వాషౌట్. అయిదింట్లో ఒక్కటి కూడా నాలుగడుగుల బోర్డుకి తగల్లేదు. బోర్డు వెనక గుట్టలో దుమ్ము మాత్రం లేచింది. సీనియర్ నా వైపు చూసిన చూపు గుర్తొస్తే ఇప్పటికీ నీళ్ళు మింగుడుపడవు.

మూడోసారి ఉస్తాద్ ఏం చెప్పాడో వినలేదు. బాయే అని వినపడగానే కొట్టాను, ఊపిరి బిగబట్టి, మొండి సైకిల్ పెడల్ పిన్నును కొట్టినట్టు కొట్టాను. టింగ్‌మంది. చూస్తే గాడి ఖాళీ. ఇటు చివర నుంచి అటు చివర దాకా బ్రహ్మాండంగా, పన్ను ఊడిన చిగురులా ఉంది.

"కహాఁ గయా?"

టింగ్‌మన్న చప్పుడు ఎటు నుంచి వచ్చిందో అటు చూస్తాం కదా మనం, అందరం దూరంగా తుమ్మకంప వైపు చూశాం. ఉస్తాద్ మూతి కింద చిందిని తీసి దులపకుండానే చేతులు తుడుచుకుని, చొక్కా జేబులో కుక్కుకుని, గట్టిగా ఈల ఊదాడు. నలభై మంది క్యాడెట్లు మోకాళ్ళ మీద వరసగా కూర్చుని కలుపు కూలీల్లా మొరం గీరడం మొదలుపెట్టారు. మిలటరీలో రైఫిల్‌కి సంబంధించిన సామాను చింతగింజంతది పోయినా చెట్టంత ఎంక్వైరీ లేస్తుంది. ఉస్తాద్ తుమ్మకంపలోకి తల దూర్చి "మేరా పెన్షన్, మేరా పెన్షన్" అని గొణుగుతున్నాడు, సర్వీసు ఇంకా రెండేళ్ళే ఉంది పాపం.

ఒకడు మైక్‌సెట్ పాత స్పీకర్ నుంచి అయస్కాంతం పీక్కొచ్చాడు. తెలివైన పనే, కానీ మా మన్నులో ఇనుపరజను ఎంతుందో అప్పుడు తెలిసింది. మొరం మీద అటొకసారి ఇటొకసారి తిప్పేసరికి అయస్కాంతానికి నల్లటి గడ్డం మొలిచింది. ఆ గడ్డం గీకడం, మళ్ళీ మొలవడం. ఇంకొకడు క్యాంపు వంటశాల లంగర్ నుంచి పిండి జల్లెడ ఎత్తుకొచ్చి మన్ను జల్లించసాగాడు, వంటాయన వెనకాలే తిట్టుకుంటూ వచ్చాడు. ఆ రాత్రి చపాతీలు కరకరలాడాయి. అందులో మా సైటు ఉందేమోనని నేను ప్రతి ముక్కా నాలుకతో వెతికానని మాత్రం ఒప్పుకుంటాను, అప్పటికది దొరికింది కూడా, అయినా భయం.

గంటన్నర తర్వాత మేకలు తోలుకుంటూ ఒక అవ్వ వచ్చింది. తలగుడ్డ సర్దుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు మమ్మల్ని చూసింది.

"ఏం బోయింది బిడ్డా?"

"తుపాకి ముందల చిన్న పుల్ల ఉంటదవ్వా. అది ఊడింది."

"ముక్కుపుల్లనా?" అంది, బుగ్గలు నొక్కుకుంటూ. "తుపాకికి గూడ ముక్కుపుల్లనా! రజాకార్ల జమానాల సంగపోళ్ళు ఇసొంటి తుపాకే మా గడ్డివాముల దాసిండ్రు, నేను సిన్నపిల్లగున్నప్పుడు. దానికున్నదో లేదో సూడకపోతి."

ఆమెను పంపించేద్దామని చూశాం, పోలేదు. మేకల్ని కంపకు వదిలి, తుమ్మ నీడన తీరుబడిగా కూర్చుంది. నేను ఆమె పక్కనే మన్ను గీరుతున్నాను. ఎదురుగా ఉస్తాద్ ఆయాసపడుతూ వచ్చి నిలబడి, జేబులో చింది తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ "సీఈ" అన్నాడు, చెంప మీద ఏదో గీసుకుంది. చింది మడతలో నుంచి మెరుస్తూ ఒక చిన్న ముక్క జారి ఆయన బూటు ముందు పడింది.

నేను చూశాను. అవ్వ చూసింది. ఉస్తాద్ కూడా చూశాడు, కానీ మేం చూశామని చూడలేదు. మెల్లగా బూటు దాని మీద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. ఒక నిమిషం ఆగి, వంగి, పిడికెడు మన్నుతో సహా ఎత్తి, "మిల్ గయా!" అని అరిచాడు.

నలభై మంది చప్పట్లు కొట్టారు. ఒకడు జై కూడా కొట్టాడు.

అయిపోలేదు. పలకను మళ్ళీ గాడిలో ఎక్కించాలి. ఈసారి ఉస్తాద్ నన్ను నమ్మక తానే మూతి దగ్గరికి వచ్చి, సీనియర్ కళ్ళద్దాలు అడుక్కుని పెట్టుకుని, దిమ్మెను పరిశీలనగా చూశాడు. కడ్డీ గాట్లన్నీ ఒకే పక్కన ఉన్నాయి. చాలాసేపు మాట్లాడలేదు.

"సైకిల్‌వాలే. తేరా బాయా కౌన్సా?"

నేను ఎదురుగా నిలబడి నా ఎడమ చెయ్యి ఎత్తాను. ఆయన మడమ వెనక్కి పోయి నిలబడి, రైఫిల్ పట్టుకునేవాడిలా నా వైపు తిరిగి, తన ఎడమ చెయ్యి ఎత్తాడు. ఒక చెయ్యి పానగల్ వైపు, ఒక చెయ్యి దేవరకొండ వైపు చూపిస్తున్నాయి. మధ్యలో ఆ బుజుర్గ్, ముక్కు లేకుండా పడుకుని ఉంది.

ఉస్తాద్ నోరు తెరిచాడు. ఎనిమిది రోజుల్లో నేర్చుకున్న అన్ని తిట్లకీ నేను తల వంచి సిద్ధపడ్డాను. అంతలో నా కళ్ళు, నేను కావాలని చేసింది కాదు, ఆయన చొక్కా జేబులో బయటికి వేలాడుతున్న చింది మీదికి పోయాయి. ఆయన కళ్ళు కూడా అక్కడికే వచ్చాయి. ఉస్తాద్ నోరు మూశాడు. చిందిని వేలితో లోపలికి తోసుకున్నాడు.

"ఠీక్ హై," అన్నాడు. "హోతా హై."

అవ్వ లేచి కొంగు దులుపుకుని, మేకల్ని అదిలిస్తూ, పోతూ పోతూ ఆయన ముందు ఆగింది. "ముక్కుపుల్ల నీ జేబులనే బెట్టుకోని పోరగాండ్లను గింత ఎండల మన్ను గీకిపిస్తివి గద సారూ," అంది.

"క్యా బోల్ రహీ హై మాజీ?" అని నన్నడిగాడు ఉస్తాద్.

"మీరు చల్లగా ఉండాలని దీవిస్తోంది ఉస్తాద్," అన్నాను హిందీలో.

ఆయన సుత్తి కింద పెట్టి, అద్దాలు తీసి, అవ్వకు రెండు చేతులా దండం పెట్టాడు.