బోర్డు పాతిన మడి

వరి దిగుబడి పెరగడానికి కారణం ఎరువు కాదనీ, విత్తనం కాదనీ, నీళ్లు అంతకన్నా కావనీ, మడి మూలన పాతిన రేకు బోర్డేననీ నేను చాలా ఆలస్యంగా కనిపెట్టాను. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లుగా వ్యవసాయ శాస్త్రవేత్తల కంట ఎందుకు పడలేదో కూడా ఊహించగలను. బోర్డు రాయించేది వాళ్లే, పాతించేది వాళ్లే. ఇంటావిడ పెట్టే ఉప్పులాగా అది వాళ్ల లెక్కలోకి రాలేదు.

ఈ సిద్ధాంతానికి బీజం 2025 వానాకాలం చివర ఒక పరిశోధన క్షేత్రంలో జరిగిన క్షేత్ర దినోత్సవం నాడు పడింది. పరకాల దిక్కున్న మా ఊరి నుంచి రెండు ఆటోల నిండా రైతులను తోలుకుపోతూ, మా పెద్దబాపుతో పాటు నన్నూ ఎక్కించారు. షామియానా, ఫ్లెక్సీ, పులిహోర పొట్లాలు అన్నీ సలక్షణంగా ఉన్నాయి. ఉపన్యాసాలయ్యాక వరి చేను దగ్గరికి తీసుకుపోయినప్పుడు మాత్రం మా వాళ్లందరూ కాసేపు మాట మరిచారు. ఐదు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న చిన్న చిన్న మళ్లు, వాటి నడుమ గోడకు మెత్తినంత నున్నగా పెట్టిన ఒడ్లు, నాలుగు మూలలా సున్నం కొట్టిన గూటాలు, ప్రతి మడి ముందూ తెల్ల రేకు మీద నీలి రంగుతో టీ1, టీ2, టీ3 అని రాసిన బోర్డు. ఇరవై చదరపు మీటర్లంటే మన లెక్కలో గుంటలో ఇంచుమించు ఐదో వంతు. మా పెద్దబాపు ఇంటి ముందు వడ్లు ఎండబోసుకునే వాకిలి అంతకన్నా పెద్దది.

టీ అంటే ట్రీట్‌మెంట్, అంటే ఒక పద్ధతి అనీ, ఎనిమిది రకాల ఎరువుల పద్ధతులను ఒక్కొక్కటి మూడేసి సార్లు, మొత్తం ఇరవై నాలుగు మళ్లలో వేసి చూస్తున్నామని అక్కడి యువ శాస్త్రవేత్త ఓపికగా వివరించాడు. సగం యూరియా, సగం వర్మి కంపోస్టు వేసిన మడి ఏది, జింకు కలిపినది ఏది, నానో యూరియా పిచికారీ చేసినది ఏది అన్నీ చూపించాడు. మా పెద్దబాపు అవేవీ చూడలేదు. ఆయన టీ1 ముందే నిలబడిపోయాడు. అది పోల్చుకోవడానికి ఉంచిన మడి. దానికి ఏ ఎరువూ వెయ్యరు.

“సారూ, ఏమేస్తలేరా దీంట్ల?”

“ఏమీ వెయ్యం పెద్దాయనా. మిగతావాటి లాభం దీంతో పోల్చి చూస్తాం.”

“నేను లైన్ల నిలవడి తెచ్చి రెండు బస్తాలు చల్లిన. నాది గింత మంచిగ లేదు.”

పాత పంటల ఎరువు నేలలో నిల్వ ఉంటుందని శాస్త్రవేత్త ఏదో చెప్పబోయాడు గానీ, పెద్దబాపు అప్పటికే బోర్డును చేత్తో తట్టి చూస్తున్నాడు. ఆ క్షణంలోనే నాకు జ్ఞానోదయమైంది. ఇరవై నాలుగు మళ్లకు ఎరువు వేరు, మోతాదు వేరు, వేసిన రోజు వేరు. అన్నింటికీ ఉమ్మడిగా ఉండి, మా ఊరి చేన్లలో ఒక్కదానికీ లేని వస్తువు ఏదైనా ఉంటే అది బోర్డు.

నా మాట తేలికగా కొట్టిపారేయకుండా ఉండడానికి కాస్త చరిత్ర కూడా చూశాను. ఈ ప్రయోగాలకు ఇప్పటి రూపం ఇచ్చిన రోనాల్డ్ ఫిషర్ 1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ క్షేత్రంలో ఉద్యోగానికి చేరాడు. ఆయన వచ్చేనాటికే అక్కడి బ్రాడ్‌బాక్ గోధుమ చేను లెక్కలు 1843 నుంచి పోగుపడి ఉన్నాయి. ఒక్క చేనులోనే ఒక మూల సారం, ఒక మూల చౌడు ఉంటుంది కాబట్టి ఏ మడికి ఏది వెయ్యాలో మన ఇష్టప్రకారం కాకుండా చీటీలు తీసినట్టు నిర్ణయించాలనీ, ఒక్క మడిని చూసి మురిసిపోకుండా ప్రతి పద్ధతినీ పలుచోట్ల మళ్లీ వేసి చూడాలనీ ఆయన శాసించాడు. ఆ బ్రాడ్‌బాక్‌లో ఏ ఎరువూ ఎరగని ముక్క ఒకటి నేటికీ ఉంది. నూట ఎనభై ఏళ్లుగా పస్తులుంటూనే ఎంతో కొంత గోధుమ ఇస్తూ వస్తోంది. దాని ముందు బోర్డు ఉందా అని నేనెవరినీ అడగలేదు. అడగవలసిన అవసరం కనిపించలేదు.

చీటీల విషయంలో మాత్రం మా ప్రాంతం ఫిషర్‌కు నేర్పే స్థితిలో ఉంది. కాకతీయ కాలువ కింద ఎవరి భూమి తూము పక్కన పడాలో, ఎవరిది నీళ్లు ఎన్నడూ చేరని చివరాఖరున పడాలో అన్నదమ్ములు భూములు పంచుకున్న నాడే తేలిపోయింది. పైన ఎవరు మడి నిండాక కూడా తూము మూయరో అదీ చీటీ ప్రకారమే.

పంట ప్రయోగాల నివేదికల్లో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: మిగతా యాజమాన్య పద్ధతులన్నీ అన్ని మళ్లకూ సమానంగా పాటించబడ్డాయి. చదివేవాళ్లు దీన్ని దాటేసి పట్టికల్లోకి పోతారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. నాటు వేయవలసిన రోజునే కూలీలు దొరికారన్నది ఆ వాక్యంలో ఉంది. మోటరు కాలలేదన్నది, కాలినా సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చాడన్నది, కలుపు ఇరవయ్యో నాడు తీయాలంటే ఇరవయ్యో నాడే తీశారన్నది, తెల్లవారకముందే ఒక మనిషి ఖాళీ డబ్బా పట్టుకొని నెమళ్లను బెదిరించడానికి గట్టు మీద కూర్చున్నాడన్నది, అతనికి నెల నెలా జీతం ముట్టిందన్నది, అన్నీ ఆ ఒక్క వాక్యంలోనే ఉన్నాయి. మా పెద్దబాపు యాభై ఏళ్లుగా చేస్తున్న వ్యవసాయమంతా ఆ వాక్యంలోనే పడి ఉంది; మిగిలిన పేజీలన్నీ ఎరువు గురించి.

ఎరువు సంగతే చూద్దాం. హెక్టారుకు 120 కిలోల నత్రజని వెయ్యాలనుకుంటే ఇరవై చదరపు మీటర్ల మడి వాటాకు వచ్చేది 240 గ్రాములు. అదంతా యూరియాగానే వేస్తే, యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లే కాబట్టి దాదాపు 522 గ్రాములు తూయాలి. మూడు దఫాలు చేస్తే దఫాకు 174 గ్రాములు. ఆ క్షేత్రంలో ఒక విద్యార్థిని కంసాలి త్రాసు లాంటి దాని మీద యూరియా తూయడం నేను కళ్లారా చూశాను. అంకె 176 చూపితే వేలికొసతో నాలుగు పలుకులు తీసి మళ్లీ డబ్బాలో వేసింది. తీసిన పలుకు ఒకటి కింద పడితే వంగి వెతికింది.

అదే వానాకాలం ఊళ్లలో రైతులు చీకట్లోనే లేచి చెప్పులనూ, పాసుబుక్కుల జిరాక్సులనూ వరుసలో పెట్టి, వాటి మీద రాళ్లుంచి, పక్కన చెట్టు కింద కూర్చున్నారు. దానిని పత్రికలు యూరియా కొరత అన్నాయి. పత్రికలకు శాస్త్ర దృష్టి తక్కువ. నిజానికది జిల్లాలకు జిల్లాలనే మళ్లుగా విడగొట్టి ఏకకాలంలో వేసిన నత్రజని మోతాదుల ప్రయోగం. చెప్పు వరుస చివరన ఉన్నవాడు టీ1, ఒక్క బస్తా దక్కినవాడు టీ2, పంట పొట్టకొచ్చాక దక్కినవాడు టీ3, సొసైటీ డైరెక్టరుకు బామ్మర్ది అయినవాడు టీ8. ఇంత పెద్ద ప్రయోగాన్ని ఫిషర్ కూడా తలపెట్టలేకపోయాడు. ఫలితాలు ఎవరూ అచ్చు వేయలేదన్నదొక్కటే లోటు.

ఇక నెమలి. ఇరవై చదరపు మీటర్ల దిగుబడిని హెక్టారు లెక్కకు తేవాలంటే 500తో గుణించాలి. కాబట్టి ఒక నెమలి తీరిగ్గా పావు కిలో గింజలు తిని పోతే, ఆ పద్ధతి హెక్టారుకు 125 కిలోలు వెనకబడుతుంది. శాస్త్రవేత్తలు నెమలికి భయపడడంలో అర్థముంది. మాకు భయం లేదు. మా దగ్గర పక్షులను, కోతులను, అడవి పందులను గుణించే పని పడదు, అవి మొత్తం హెక్టారుకే వస్తాయి.

తేమ లెక్క కూడా ఇలాగే ఉంటుంది. ప్రయోగ మడి ధాన్యాన్ని సాధారణంగా 14 శాతం తేమకు సరిచేస్తారు. సరిచేయడమంటే కాగితం మీద ఒక గుణకారం. మా పెద్దబాపు కొనుగోలు కేంద్రంవారు అడిగే 17 శాతానికి సరిచేయాలంటే తారు రోడ్డు మీద నాలుగు రోజులు ఎండబోసి, మబ్బు పట్టినప్పుడల్లా పరదా కప్పి, రాత్రి వడ్ల పక్కనే మంచం వేసుకొని, ఆ పైన బస్తాకింత తరుగు ఒప్పుకోవాలి.

మిర్చి రైతుల ప్రయోగాల గురించి ఎక్కువ చెప్పను. 2021లో నల్ల తామర పురుగు పూలను పట్టినప్పుడు మందుల దుకాణమాయనే ప్రధాన శాస్త్రవేత్త అయ్యాడు. ఐదు డబ్బాలు ఒకే పంపులో కలిపించి “పక్కూర్ల మంచిగ పనిచేసింది” అన్నాడు. పక్కూరిలో ఈ ఊరి పేరు చెప్పాడు. దీనినే పునరావృతం అంటారు.

ఇదంతా చదివి నేను పరిశోధనను ఎగతాళి చేస్తున్నానని ఎవరూ అనుకోరాదు. మేము తింటున్న జగిత్యాల సన్నాలు, వరంగల్ సన్నాలు, తెలంగాణ సోనా ఇటువంటి చిన్న మళ్లలోంచే, ఎవరో ఏళ్ల తరబడి కంకులు లెక్కపెడితేనే బయటికొచ్చాయి. వాళ్లు విత్తనం ఇచ్చారు. బోర్డు ఇవ్వడం మరిచిపోయారు, అంతే.

ఆ లోటు తీర్చడానికి ఆ వెంటనే వచ్చిన యాసంగిలో నేనే పూనుకున్నాను. పెద్దబాపు పొలంలో రోడ్డు పక్కన రెండు చిన్న ముక్కలు కొలిచి, గూటాలు కొట్టి సున్నం పూసి, ఒకదానికి టీ1 అని బోర్డు పెట్టాను, రెండోది ఖాళీగా వదిలాను. చీటీ కూడా తీశాను. తీసింది పెద్దబాపు మనుమరాలు. విత్తనం ఒక్కటే, ఎరువు ఒక్కటే, నీళ్లు ఒక్కటే.

మూడో నాడు, ఎన్నడూ బండి దిగని వ్యవసాయ విస్తరణాధికారి బండి ఆపి గట్టు మీదికి నడిచివచ్చి ఇదెవరు వేయించారని అడిగాడు. వారం తిరిగేసరికి ఒక టానిక్ కంపెనీ కుర్రవాడు తన సీసా పట్టుకొని బోర్డు పక్కన ఫోటో దిగి పోయాడు. పక్క పొలమాయన రాత్రిపూట వచ్చి నాలుగు పిలకలు పీక్కుపోయాడని అనుమానం. ముఖ్యమైన పరిశీలన ఏమిటంటే, పెద్దబాపు ఆ మడి చుట్టూ రోజుకు రెండుసార్లు తిరగడం మొదలుపెట్టాడు. ఒక్క గడ్డి పోచ కనబడినా వంగి పీకేవాడు. పక్క మడిలో కలుపు మోకాలెత్తు పెరిగినా చూసేవాడు కాదు. ఎందుకని అడిగితే, “దానికి బోర్డున్నది గదరా, ఎవలన్న జూస్తే ఇజ్జత్ పోదా” అన్నాడు. ఇంతకన్నా గట్టి రుజువు ఏముంటుంది?

కోతకు పది రోజుల ముందు ప్రయోగానికి చిన్న అంతరాయం వచ్చింది. హనుమకొండ నంబరున్న తెల్ల కారొకటి గట్టు దగ్గర ఆగి, అందులోంచి నల్లద్దాల మనిషి దిగి, సున్నం గూటాలనూ బోర్డునూ మార్చి మార్చి చూసి, అడుగులతో మడి కొలిచాడు.

“పెద్దమనిషీ, టీ వన్ ప్లాట్ బుక్కయిందా? ఇరవై నాలుగు గజాలే ఉన్నట్టుంది, బిట్లు ఇంత చిన్నగ జేస్తే ఎవలు కొంటరు? సరే, గజం ఎంత చెప్తున్నరు?”

పెద్దబాపు జవాబు చెప్పకుండా నా దిక్కు చూశాడు. ఆ సాయంత్రం ఇంట్లో కాగితం తీసి, గుంటకు ఎన్ని గజాలో, ఎకరానికి ఎన్ని గుంటలో నాతో మూడుసార్లు గుణింపించాడు. పంట కోశాం, వడ్లు కేంద్రానికి పోయాయి. రెండు మళ్లవీ ఒకే పరదా మీద కలిసిపోవడం వల్ల తూకాలు విడివిడిగా నమోదు కాలేదు. బోర్డు మాత్రం ఇంకా అక్కడే ఉంది. నేను పీకబోతే పెద్దబాపు పీకనియ్యలేదు. మొన్న పోయి చూస్తే దాని పక్కన టీ2 అని ఇంకొకటి పాతి ఉంది.